రెండు టికెట్ల మధ్య చిక్కిన ప్రయాణం: కావలి నుంచి డల్లాస్ దాకా ఒక కేస్ స్టడీ

నెల్లూరులో ట్రావెల్ డెస్క్ నడుపుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులే. కూతురి కాన్పుకో, మనవడి బారసాలకో బయలుదేరి ఐదారు నెలలు ఉండి వస్తారు. అరవై దాటిన మనుషులు, ఇంగ్లీషు రాదు, చాలామందికి షుగరో బీపీయో ఉంటుంది. ముప్పై గంటల ప్రయాణంలో వాళ్లకు ఏ చిక్కు వచ్చినా పక్కన అడగడానికి తెలిసిన మనిషి ఉండడు. అందుకే వాళ్ల టికెట్ గురించి నేను పట్టుబట్టి మాట్లాడతాను.

ఇక్కడ రాస్తున్న కేసులో ఒకే దంపతులకు, ఒకే ప్రయాణంలో, రెండుసార్లు కనెక్షన్ పోయింది. మొదటిసారి భారమంతా కుటుంబం మీద పడింది. రెండోసారి విమాన సంస్థే వేరే విమానంలో సీట్లిచ్చి, భోజనం పెట్టి గమ్యం చేర్చింది. మనుషులు వాళ్లే, సామాను అదే. తేడా అంతా టికెట్ కొన్న పద్ధతిలోనే ఉంది. పిల్లలు ఇక్కడి తల్లిదండ్రులకు అక్కడి నుంచి టికెట్లు కొని పంపడం మామూలైపోయింది కాబట్టి ఈ కేసును వివరంగా రాస్తున్నాను. కుటుంబం ఒప్పుకుంది. మనుషుల పేర్లు, ఊరి పేరు, విమాన సంస్థల పేర్లు మాత్రం రాయడం లేదు.

ప్రయాణికులు, టికెట్లు

కావలి దగ్గర పల్లెలో ఉంటారు. పెద్దాయనకు 67 ఏళ్లు. వరి సాగు, కొన్నాళ్లు రొయ్యల గుంటలు చేసిన రైతు. ఏళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్నారు, మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కువ దూరం నడవలేరు. అమ్మగారికి 61 ఏళ్లు, ఆరోగ్యం బాగానే ఉంది. కూతురు, అల్లుడు డల్లాస్‌లో ఉంటారు. 2023 డిసెంబరు చివరి వారంలో కూతురికి కాన్పు. ఇద్దరికీ విజిటర్ వీసా ముందే వచ్చింది.

టికెట్లు అల్లుడే ఒక వెబ్‌సైట్‌లో కొన్నాడు. చెన్నై నుంచి డల్లాస్ దాకా ఒకే టికెట్ అయితే ఇద్దరికీ కలిపి పద్నాలుగు వేల రూపాయలు ఎక్కువ చూపించిందట. దాంతో ప్రయాణాన్ని రెండు ముక్కలు చేశాడు. డిసెంబరు 4 సోమవారం సాయంత్రం చెన్నై నుంచి ఢిల్లీకి ఒక సంస్థ విమానం. ఆ అర్ధరాత్రి దాటాక మూడు గంటలకు ఢిల్లీ నుంచి యూరప్ మీదుగా డల్లాస్‌కు ఇంకో సంస్థ విమానం, మే చివర్లో తిరుగు ప్రయాణంతో కలిపి. రెండు పీఎన్ఆర్‌లు అన్నమాట. మధ్యలో ఐదారు గంటల వ్యవధి ఉందిగా, చాలదా అనుకున్నాడు.

వ్యవధి ఎంత ఉందన్నది తర్వాతి మాట. రెండు పీఎన్ఆర్‌లంటే రెండు వేర్వేరు ఒప్పందాలు. మొదటి సంస్థ మిమ్మల్ని ఢిల్లీ చేరిస్తే దాని పని అయిపోయింది. మీరు అక్కడి నుంచి డల్లాస్ వెళ్లాలన్న సంగతి దాని రికార్డులో లేదు. రెండో సంస్థకు మీరు ఢిల్లీ ఎలా వస్తారన్నది అక్కర్లేని విషయం. వేళకు కౌంటర్ దగ్గర ఉంటే ఎక్కిస్తుంది, లేకపోతే నో-షో అని రాసుకుంటుంది. నో-షో పడితే ఆ ఒక్క విమానంతో పోదు. ఆ టికెట్ మీద ఇంకా మిగిలిన సెక్టార్లు, అంటే విమాన అంచెలు, తిరుగు ప్రయాణంతో సహా, వాటంతట అవే రద్దవుతాయి.

డిసెంబరు 4

ఆదివారం రాత్రంతా చెన్నైలో కుండపోత. మిచౌంగ్ తుపాను తీరానికి సమాంతరంగా ఉత్తరం వైపు కదులుతోంది. సోమవారం ఉదయం చెన్నై విమానాశ్రయం రన్‌వే మీదికి నీళ్లు చేరి విమానాలు ఆపేశారు. మళ్లీ తెరిచింది మంగళవారం ఉదయం తొమ్మిది గంటలకే. చెన్నై, గూడూరు, విజయవాడ మార్గంలో రైళ్లు వరసగా రద్దయ్యాయి. నెల్లూరులో కూడా వాన తెరిపివ్వలేదు.

పదిన్నర ప్రాంతంలో పెద్దాయన ఫోన్ చేశారు. వాళ్ల తమ్ముడు అంతకుముందు నా దగ్గర టికెట్లు తీసుకున్న మనిషి, నంబరు ఆయనిచ్చాడు.

"అబ్బయా, విమానం క్యాన్సిల్ అంట. డబ్బులు తిరిగిస్తామని మెసేజ్ వచ్చింది. ఇంక రేపో ఎల్లుండో పోదాంలే, తొందరేముంది?"

ఆయన లెక్కలో క్యాన్సిల్ అయింది ప్రయాణం మొత్తం. నిజానికి రద్దయింది చెన్నై-ఢిల్లీ ముక్క ఒక్కటే. ఢిల్లీలో వాన లేదు, విమానం తెల్లవారుజామున మూడు గంటలకు ఠంచనుగా బయలుదేరుతుంది, అందులో వీళ్ల సీట్లు రెండూ ఖాళీగా పోతాయి. ఎవరూ ఏమీ చేయకుండా పడుకుని ఉంటే తెల్లారేసరికి డల్లాస్ టికెట్లు, మే నెల తిరుగు టికెట్లు అన్నీ పోయి ఉండేవి. రీఫండ్ మెసేజ్ చూసి ధీమాగా ఉండిపోవడం ఇలాంటి సందర్భాల్లో అతి పెద్ద ప్రమాదం.

తుపాన్లప్పుడు విమాన సంస్థలు ఫీజు లేకుండా తేదీ మార్చుకునే వీలిస్తాయి కదా అని అల్లుడు అడిగాడు. ఇస్తాయి. ఆ వీలు మూతబడిన విమానాశ్రయం ఏ టికెట్ మీద ఉందో ఆ టికెట్‌కే. వీళ్ల డల్లాస్ టికెట్ మీద చెన్నై అన్న పేరే లేదు. అది ఢిల్లీలో మొదలవుతుంది, ఢిల్లీ తెరిచే ఉంది. తుపాను ఆ టికెట్‌కు సంబంధించినంతవరకు రానట్టే. పద్నాలుగు వేలు మిగిలినప్పుడు కుటుంబం వదులుకున్న రక్షణ సరిగ్గా ఇదే.

అల్లుడు అక్కడ ఆదివారం రాత్రి పదకొండుకు మేలుకుని కూర్చున్నాడు. శీతాకాలంలో డల్లాస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. "హైదరాబాద్‌కు కారులో పంపండి, రాత్రి ఢిల్లీకి ఏదో ఒక విమానం దొరుకుతుంది" అన్నాడు. ఆలోచించాల్సిన మాటే. కావలి నుంచి ఒంగోలు, అద్దంకి, మిర్యాలగూడ మీదుగా వెళ్తే హైదరాబాద్ దగ్గర దగ్గర నాలుగు వందల కిలోమీటర్లు. మామూలు రోజుల్లో ఏడెనిమిది గంటలు. కుర్రాళ్లయితే నేనే పంపేవాణ్ణి. కానీ తుపాను కూడా అదే దిక్కుకు, ఒంగోలు వైపుకే వెళ్తోంది. మర్నాడు మధ్యాహ్నం అది బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఇన్సులిన్ వేసుకునే మనిషిని ఆ గాలివానలో రోడ్డు మీద పెట్టి, చివరి విమానం అందుతుందో లేదో అన్న టెన్షన్‌తో పరుగెత్తించి, నిద్ర లేకుండా రెండు విమానాలు ఎక్కించడం నాకు ఒప్పలేదు. తిరుపతి మీదుగా బెంగళూరు ఇంకో దారి. తీరానికి దూరంగా పోతుంది కాబట్టి తుపాను పరంగా మేలే గాని దూరం మరింత ఎక్కువ.

మిగిలింది తేదీ మార్చుకోవడం. చేతిలో ఉన్న గడువు విమానం బయలుదేరే దాకా. బయలుదేరే ముందు అడిగితే అది తేదీ మార్పు, టికెట్ రూల్ ప్రకారం ఫీజు, ఛార్జీల తేడా కడితే సరిపోతుంది. బయలుదేరాక అడిగితే అది నో-షో. వీళ్లు కొన్న తరగతి టికెట్‌కు నో-షో అయితే విలువ దాదాపు ఏమీ మిగలదు.

ఇక్కడ రెండో చిక్కు వచ్చింది. విమాన సంస్థ కాల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే, టికెట్ ఇష్యూ చేసింది వెబ్‌సైట్ కాబట్టి వాళ్లే మార్చాలన్నారు. వెబ్‌సైట్ వాళ్లకు ఫోన్ చేస్తే గంటల తరబడి హోల్డ్. చెన్నై మూతబడిన రోజు ఎంతమంది ఫోన్ చేస్తుంటారో ఊహించుకోవచ్చు. పని పంచుకున్నాం. అల్లుడు వెబ్‌సైట్ లైన్ మీద ఉన్నాడు, డబ్బు కట్టిన కార్డు అతనిదే కాబట్టి వాళ్లు అతని మాటే వింటారు. నేను విమాన సంస్థతో మాట్లాడి, ప్రయాణికులు చెన్నై మూతపడటం వల్ల రాలేకపోతున్నారు, తేదీ మార్పు అడుగుతున్నారు అని పీఎన్ఆర్‌లో రిమార్క్ రాయించాను, మాట్లాడిన ఏజెంట్ పేరు, టైము రాసుకున్నాను. తర్వాత వాదించాల్సి వస్తే ఆ ఒక్క వాక్యమే ఆధారం. ఏ రోజు విమానాల్లో అదే తరగతి సీట్లున్నాయో చూసి అల్లుడికి పంపాను. "ఎప్పుడైనా పర్లేదు" అని అడిగితే కాల్ సెంటర్‌లో పని సాగదు. "ఫలానా తేదీ, ఫలానా నంబరు విమానం, రెండు సీట్లున్నాయి" అని చెప్తే సాగుతుంది.

చీకటి పడ్డాక కొత్త టికెట్లు చేతికొచ్చాయి. డిసెంబరు 9 శనివారం తెల్లవారుజామున ఢిల్లీ నుంచి బయలుదేరడం. ఫీజు, ఛార్జీల తేడా కలిపి, ఆదా చేసిన పద్నాలుగు వేలకు మూడింతలు దాటింది.

మధ్యలో దొరికిన రోజులు

తుపాను దాటిపోయాక వాన తగ్గింది. డాక్టరు దగ్గర చూపించుకోవడానికి ఎలాగూ నెల్లూరు వస్తున్నారని, అటు నుంచి నా దగ్గరికి రమ్మన్నాను, సామాను లిస్టు రాసుకుని.

ముందు చెన్నై-ఢిల్లీ టికెట్ సంగతి. రద్దు చేసింది సంస్థే కాబట్టి డబ్బు పూర్తిగా వెనక్కి వచ్చింది. కొత్తది వేరే సంస్థలో తీసుకున్నాం. పాత విమానం ఢిల్లీలో టెర్మినల్ 1లో దిగేది, డల్లాస్ విమానం టెర్మినల్ 3 నుంచి. రెంటికీ మధ్య కొన్ని కిలోమీటర్ల దూరం. సామాను తీసుకుని, ట్రాలీ తోసుకుని, బయట బస్సు పట్టుకుని వెళ్లాలి. వెబ్‌సైట్‌లో ఈ సంగతి కనపడదు, రెండుచోట్లా ఢిల్లీ అనే రాసి ఉంటుంది. టెర్మినల్ 3లోనే, శుక్రవారం మధ్యాహ్నం దిగే విమానం చూసి, రాత్రి దాకా పడుకోవడానికి విమానాశ్రయం దగ్గరే గది తీసుకున్నాం.

తర్వాత బరువు. డల్లాస్ టికెట్ మీద మనిషికి 23 కిలోల బ్యాగులు రెండు. దేశీయ టికెట్ మీద మనిషికి 15 కిలోలు. ఒకే టికెట్ అయి ఉంటే చెన్నైలోనే 23 కిలోల లెక్క వర్తించేది. వీళ్ల సామాను నాలుగు బ్యాగులు, తొంభై కిలోలకు దగ్గర. అంటే చెన్నై కౌంటర్‌లో అరవై కిలోలకు డబ్బు కట్టాలి. అమ్మగారి లిస్టు చూశాను. బాలింతకు పెట్టే పథ్యం సరుకులు: శొంఠి, పిప్పళ్లు, వాము, కాయం కోసం దంచిన పొడి. ఆవకాయ, కందిపొడి, కరివేపాకు కారం. రెండు సంచులు పాత మొలగొలుకుల బియ్యం.

"కాన్పయిన పిల్లకు పాత బియ్యం అన్నం పెట్టాల గదా, నాయనా. ఆడ యాడ దొరుకుతాయి?" అన్నారు.

ఆ ఆరాటం నాకు అర్థమైంది. కానీ భారతదేశం నుంచి ప్రయాణికుల సామానులో బియ్యం తీసుకెళ్లడాన్ని అమెరికా అనుమతించదు. ఖాప్రా అనే ధాన్యపు పురుగు వస్తుందన్న భయంతో పెట్టిన నిషేధం అది. పచ్చి కరివేపాకు కూడా కుదరదు, నిమ్మ జాతి చెట్లకు తెగులు తెచ్చే పురుగు దాని మీద వస్తుంది. పచ్చళ్లు, పొడులు మామూలుగా ఫర్వాలేదు. ఏది తీసుకెళ్లినా దిగగానే అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాలి. పారేయించుకుంటే వస్తువే పోతుంది, దాచి దొరికితే జరిమానా పడుతుంది. బియ్యం సంచులు రెండూ నా టేబుల్ పక్కనే ఆగిపోయాయి, సాయంత్రం వాళ్ల తమ్ముడు వచ్చి తీసుకెళ్లాడు. బ్యాగులు మూడయ్యాయి. ఎక్కువ బరువుకు ముందే ఆన్‌లైన్‌లో కట్టాం, కౌంటర్ కంటే తక్కువ పడింది.

ఇన్సులిన్ ఎక్కడ పెట్టారని అడిగితే పెద్ద బ్యాగులో, ఐస్ డబ్బాలో అన్నారు. చాలా ఇళ్లలో ఇలాగే సర్దుతారు. చెకిన్ బ్యాగు పోయినా, ఆలస్యమైనా మందు దానితోపాటే పోతుంది. కింద సామాను గదిలో చలికి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. పెన్నులు, సూదులు, షుగర్ చూసే మిషను, స్ట్రిప్పులు, డాక్టరు చీటీ మొత్తం హ్యాండ్ బ్యాగులోకి మార్పించాను. చీటీ ఉంటే సెక్యూరిటీలో 100 మిల్లీలీటర్ల ద్రవాల నిబంధన ఇన్సులిన్‌కు అడ్డు రాదు. ఎప్పుడు ఎంత వేసుకోవాలన్నది వాళ్ల డాక్టరే రాసిచ్చారు. పడమటికి వెళ్లేటప్పుడు రోజు సాగుతుంది, గడియారం చూసి వేసుకుంటే లెక్క తప్పుతుంది. ఆ డాక్టరు గడియారం టైము కాకుండా బయలుదేరిన దగ్గర్నుంచి గంటల లెక్కన, భోజనంతో జత చేసి రాశారు. ఇంత శ్రద్ధగా రాసే డాక్టర్లు ఉన్నందుకు సంతోషం.

వీల్‌చెయిర్ చెన్నై-ఢిల్లీ టికెట్‌లో అల్లుడు పెట్టాడు, డల్లాస్ టికెట్‌లో పెట్టలేదు. ఒక పీఎన్ఆర్‌లో రాసింది ఇంకోదానికి పోదు. ఇందులో రకాలున్నాయి. మెట్లు ఎక్కగలిగినవాళ్లకు ఒక కోడ్, మెట్లు ఎక్కలేనివాళ్లకు ఇంకోటి, సీటు దాకా మోసుకెళ్లాల్సినవాళ్లకు మూడోది. పెద్దాయనకు రెండోది పెట్టించాను, డయాబెటిక్ భోజనం కూడా, అన్ని సెక్టార్లకూ. వీల్‌చెయిర్ ఉంది కదా అని పూర్తిగా కూర్చుండిపోవద్దని మాత్రం గట్టిగా చెప్పాను. నాలుగు గంటలు దాటిన ప్రయాణాల్లో కదలకుండా కూర్చుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఇంచుమించు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. విమానంలో గంటకో రెండు గంటలకో లేచి నాలుగడుగులు వేయాలి, పాదాలు ఆడిస్తూ ఉండాలి.

చివరగా ఒక కాగితం. పైన ఇంగ్లీషు, కింద అదే తెలుగులో. మాకు తెలుగు మాత్రమే వచ్చు; మేము డల్లాస్ వెళ్లాలి, పీఎన్ఆర్ ఇది; ఈయన ఇన్సులిన్ వాడతారు, వేళకు తిండి కావాలి; ఏదైనా మార్పు ఉంటే ఈ నంబరుకు ఫోన్ చేసి చెప్పండి. ఎక్కడ ఆగిపోతే ఏ లైను మీద వేలు పెట్టి చూపించాలో అమ్మగారితో రెండుసార్లు చెప్పించుకున్నాను. పెద్దాయన ఫోన్‌లో ఇంటర్నేషనల్ రోమింగ్ వేయించాం.

రెండోసారి కనెక్షన్ పోయింది

ఢిల్లీలో ఎక్కించుకున్నాక విమానంలో ఏదో సాంకేతిక లోపం బయటపడింది. మూడు గంటలు ఆలస్యం. యూరప్‌లో దిగేసరికి డల్లాస్ విమానం వెళ్లిపోయింది. అక్కడి నుంచి డల్లాస్‌కు ఆ సంస్థకు రోజుకు ఒకటే విమానం.

శనివారం మధ్యాహ్నం మూడు దాటాక వాట్సాప్‌లో అమ్మగారి వీడియో కాల్. వెనక గాజు గోడ, ఖాళీ కుర్చీలు, పెద్దాయన వీల్‌చెయిర్‌లో తల వెనక్కి వాల్చి ఉన్నారు.

"అబ్బయా, మమ్మల్ని ఈడ కూర్చోబెట్టి ఆ పిల్లోడు పోయినాడు. మళ్లా రాలా. బోర్డు మీద మన విమానం నంబరు యాడా కనపళ్లా. ఈయన తిని ఐదు గంటలైంది."

ముందు షుగర్ చూడమన్నాను. కెమెరా ముందే చూశారు, కొంచెం తక్కువగానే ఉంది. హ్యాండ్ బ్యాగులోంచి బిస్కెట్లు, ఇంటి నుంచి తెచ్చుకున్న చపాతీ తినిపించారు. ఆ పది నిమిషాలు టికెట్ సంగతి ఎత్తలేదు. మనిషి కుదుటపడ్డాక ఫోన్ చుట్టూ తిప్పి చూపించమన్నాను. విమాన సంస్థ ట్రాన్స్‌ఫర్ కౌంటర్ బోర్డు ఎడమవైపు దూరంగా కనిపించింది. "అమ్మా, ఆయన్ను ఇక్కడే ఉండనివ్వండి. మీరు ఆ నీలం బోర్డు దాకా వెళ్లి, కాగితం చూపించండి, ఫోన్ కట్ చేయొద్దు" అన్నాను. ఆవిడ వెళ్లారు. లైనులో నిలబడ్డారు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి కాగితం పూర్తిగా చదివి, ఫోన్ తీసుకుని నాతో మాట్లాడింది.

అప్పటికే వాళ్లను మర్నాటి విమానానికి మార్చేసి ఉన్నారు. ఎవరూ అడగలేదు, ఫీజు లేదు, తేడా కట్టమనలేదు. ఒకే పీఎన్ఆర్ మీద ఢిల్లీ నుంచి డల్లాస్ దాకా చేర్చే బాధ్యత తీసుకున్నారు కాబట్టి, మధ్యలో తెగితే అతికించాల్సింది వాళ్లే. తిరుగు టికెట్ చెక్కుచెదరలేదు. భోజనం కూపన్లు ఇచ్చారు. హోటల్‌కు మాత్రం పంపలేకపోయారు, విమానాశ్రయం గడప దాటాలంటే షెంగెన్ వీసా, అంటే ఆ యూరప్ దేశాల ఉమ్మడి వీసా, కావాలి, వీళ్లకు లేదు. ట్రాన్సిట్ లోపలే పడుకునే కుర్చీలున్న గదిలో దుప్పట్లిచ్చి ఉంచారు.

నేను అడిగి చేయించింది ఒక్కటి. టికెట్ కొత్త విమానానికి మారినప్పుడు వీల్‌చెయిర్, డయాబెటిక్ భోజనం కొన్నిసార్లు వెనకే ఉండిపోతాయి. చూడమంటే నిజంగానే భోజనం లేదు. ఆ అమ్మాయి అప్పటికప్పుడు ఎక్కించింది. ఇన్సులిన్ లెక్క ఒక రోజు పెరిగింది కాబట్టి నెల్లూరు డాక్టరుతో పెద్దాయన్ను ఫోన్‌లో కలిపాను. మందు ఆయన చేతిలోనే ఉంది. అది పెద్ద బ్యాగులో ఉండి ఉంటే ఇరవై నాలుగు గంటలు ఏమయ్యేదో తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది.

యూరప్ నిబంధన ప్రకారం ఒక్కొక్కరికి 600 యూరోలు వస్తాయని అల్లుడు ఎక్కడో చదివి, క్లెయిమ్ వేద్దామన్నాడు. ఆ నిబంధన ఉన్నమాట నిజమే, 2004 నాటిది. కాకపోతే ప్రయాణం యూరప్ బయట మొదలై యూరప్ బయటే ముగిసి, మధ్యలో విమానం మారడానికి మాత్రమే అక్కడ ఆగితే, ఒకే బుకింగ్ మీద ఉన్న అలాంటి ప్రయాణానికి అది వర్తించదని 2022లో యూరప్ న్యాయస్థానం తేల్చింది. ఢిల్లీ నుంచి డల్లాస్ సరిగ్గా ఆ కోవలోకే వస్తుంది. క్లెయిమ్ కంపెనీలకు ఫీజు కట్టి మోసపోవద్దని చెప్పాను.

డల్లాస్‌లో

ఆదివారం చేరారు. ఇమిగ్రేషన్ అధికారి తెలుగు దుభాషిని ఫోన్‌లో పెట్టి, ఎందుకొచ్చారు, ఎన్నాళ్లుంటారు, తిరుగు టికెట్ ఉందా అని అడిగారు. టికెట్ కాపీ చూపించారు. ఆ తుపాను రాత్రి నో-షో పడి ఉంటే ఆ కాగితానికి విలువ ఉండేది కాదు. ఆరు నెలలు ఉండటానికి అనుమతి ఇచ్చారు.

అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే సామాను తీసుకుని కస్టమ్స్ దాటాలి. మూడు బ్యాగుల్లో రెండే వచ్చాయి. పథ్యం సరుకులున్న బ్యాగు రాలేదు. అమ్మగారు బెల్టు దగ్గర నుంచి కదలలేదట. బయటికి వెళ్లిపోకముందే సంస్థ బ్యాగేజీ కౌంటర్‌లో ఫిర్యాదు రాయించి, ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్ట్ అనే కాగితం తీసుకోమని ముందే చెప్పి ఉంచాను. బోర్డింగ్ పాస్ వెనక అంటించే చిన్న ట్యాగు ముక్కలకు, బ్యాగులకు ఢిల్లీలోనే ఫొటోలు తీయించాను. ఆ రెండూ చూపిస్తే పని తేలికైంది. బ్యాగు మూడో రోజు ఇంటికే వచ్చింది. శొంఠి పొడి డబ్బా మూత ఊడి బట్టలన్నిటికీ పట్టింది, అంతే.

అంతర్జాతీయ ప్రయాణాల్లో సామానుకు మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. భారత్ 2009లో అందులో చేరింది. బ్యాగు దెబ్బతింటే అందిన 7 రోజుల్లోపు, ఆలస్యంగా అందితే అందిన దగ్గర్నుంచి 21 రోజుల్లోపు రాతపూర్వకంగా అడగాలి. అప్పట్లో మనిషికి గరిష్ఠ పరిమితి 1,288 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి వాడే లెక్క యూనిట్), సుమారు లక్షా నలభై వేల రూపాయలు. 2024 డిసెంబరు 28 నుంచి 1,519కి పెరిగింది. అది గరిష్ఠమే, ఇచ్చేది రసీదులు చూపించిన నష్టానికే. వీళ్లు ఆ మూడు రోజుల్లో కొన్న స్వెటర్లు, లోదుస్తుల బిల్లులు పెట్టారు, సంస్థ చెల్లించింది.

లెక్క, ఇప్పుడు పాటిస్తున్నవి

తేదీ మార్పు, ఢిల్లీ గది, దేశీయ విమానంలో ఎక్కువ బరువు అన్నీ కలిపితే అరవై వేలు దాటింది. ఇందులో ఒక్కటి కూడా చెన్నై నుంచి ఒకే టికెట్ ఉంటే పడేది కాదు. పద్నాలుగు వేల ఆదాను తప్పుపట్టడం లేదు, డబ్బు కష్టార్జితమే. కానీ ఆ తేడాను పిల్లలు ఛార్జీగా చూస్తారు, నేను బీమాగా చూస్తాను.

మన జిల్లాల వాళ్లకు ఈ బీమా మరీ అవసరం. నెల్లూరు, ప్రకాశం వాళ్లకు అంతర్జాతీయ విమానమంటే చెన్నై గాని, హైదరాబాద్ గాని. మనకు వానలు పడేదేమో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు ఎక్కువగా బయలుదేరేదీ అప్పుడే. 2015 డిసెంబరులో చెన్నై విమానాశ్రయం రోజుల తరబడి మూతబడింది. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, కోవూరు వైపు హైవే తెగింది. ఆ రోజున నెల్లూరు నుంచి ఉత్తరానికి పోవాల్సినవాడు ఎంత ముందు బయలుదేరినా పోలేడు. అందుకే ఈ మూడు నెలల్లో ప్రయాణించే పెద్దవాళ్లను ఒక రోజు ముందే విమానాశ్రయం ఉన్న ఊరికి చేరమంటాను, బంధువులుంటే వాళ్లింట్లో, లేకపోతే గదిలో.

విమానం మారే చోట కనీసం మూడు గంటల వ్యవధి అడుగుతాను. అబూదాబి మీదుగా వెళ్లేవాళ్లకు ఇంకా ఎక్కువ, ఎందుకంటే అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ అక్కడే పూర్తవుతుంది. అందులో ఒక సుఖం ఉంది: అమెరికాలో దిగాక దేశీయ ప్రయాణికుల్లా నేరుగా బయటికి వచ్చేయొచ్చు, ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకు అలసిపోయిన ఆఖరి గంటలో ఆ లైను తప్పుతుంది. రెండు టికెట్లు తప్పనిసరి అయితే మధ్యలో ఒక రాత్రి ఉండాల్సిందే. ఐదారు గంటల వ్యవధి చాలన్న లెక్క, రెండు విమానాలూ వేళకు నడిచిన రోజునే చెల్లుతుంది.

వీళ్ల తిరుగు ప్రయాణం మే చివర్లో. ఇండియాలోనూ మొదట దిగిన చోటే సామాను తీసుకుని కస్టమ్స్ దాటాలి కాబట్టి, ఢిల్లీలో రాత్రి గది తీసుకుని మర్నాడు ఉదయం చెన్నై విమానం ఎక్కించాను. తూర్పుకు వచ్చేటప్పుడు రోజు కుంచించుకుపోతుంది, ఇన్సులిన్ చీటీ డాక్టరు మళ్లీ కొత్తగా రాసి పంపారు. ఇబ్బందేమీ లేకుండా కావలి చేరారు. ఆ ఏడాది దసరా తర్వాత అల్లుడి అమ్మానాన్న ఒంగోలు నుంచి డల్లాస్ వెళ్లారు. టికెట్ అతనే కొన్నాడు, హైదరాబాద్ నుంచి ఒకే పీఎన్ఆర్ మీద. డబ్బు కట్టేముందు వివరాలన్నీ నాకు పంపి, వీల్‌చెయిర్ అన్ని సెక్టార్లలో పడిందో లేదో చూడమన్నాడు.